మినహాయింపు అడగని భక్తి: స్ట్రైపర్ తొలి ఆల్బమ్ గురించి

(సంగీతం నేర్చుకునే యువతీయువకులు, సంఘ పెద్దలు కలిసి పాల్గొన్న ఒక సాయంకాలపు సభలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. పెద్దలకు వందనాలు. వెనక నిలబడ్డ కుర్రాళ్ళు కాస్త ముందుకొచ్చి కూర్చోండమ్మా, స్పీకర్లు ఇటు తిప్పి పెట్టాం. ఈ పూట మాట్లాడటం ఎంత ఉందో వినడం కూడా అంతే ఉంది.

నేను తీసుకున్నది ఒకే ఒక్క రికార్డు. 1985 మే నెలలో అమెరికాలో ఎనిగ్మా రికార్డ్స్ అనే కంపెనీ విడుదల చేసింది. పేరు ‘సోల్జర్స్ అండర్ కమాండ్’. బ్యాండ్ పేరు స్ట్రైపర్. క్రీస్తు మీద పాటల్ని హెవీ మెటల్‌లో, అంటే హోరెత్తే గిటార్ల రాక్‌లో, పాడేవాళ్ళు. నలుగురు మనుషులు. మైకేల్ స్వీట్ పాడతాడు, గిటార్ వాయిస్తాడు. వాళ్ళ అన్న రాబర్ట్ స్వీట్ డ్రమ్స్. ఆజ్ ఫాక్స్ రెండో గిటార్. టిమ్ గెయిన్స్ బాస్. రికార్డు బయటికొచ్చేనాటికి పాడే మైకేల్‌కి ఇంకా ఇరవై రెండు నిండలేదు. అన్నకి పాతికేళ్ళు. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగం మంది వయసన్నమాట.

తెలిసినవాళ్ళు వెంటనే అడుగుతారు, వీళ్ళ మొదటి రికార్డు ఇది కాదు కదా అని. నిజమే. 1984లో ‘ది యెల్లో అండ్ బ్లాక్ ఎటాక్’ అని ఆరు పాటలతో ఒక చిన్న రికార్డు వచ్చింది. 1986లో దానికి కొన్ని చేర్చి మళ్ళీ వేశారు. కానీ పూర్తి నిడివి ఉన్న తొలి ఆల్బమ్ మాత్రం 1985లోదే. ఆ ఆరు పాటల్లో తడుముకున్నది ఏదో ఇందులో చేతికి దొరికింది. అందుకే దీన్నే తొలి ఆల్బమ్‌గా పట్టుకుని మాట్లాడతాను.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. భక్తి పాట అనగానే మనలో ఒక మెత్తదనం వచ్చేస్తుంది. శృతి కాస్త తప్పినా పర్వాలేదు, తాళం జారినా పర్వాలేదు, రికార్డింగ్ గరగరమన్నా పర్వాలేదు, దేవుడి పాట కదా అని సర్దుకుపోతాం. ఈ నలుగురు కుర్రాళ్ళు ఆ మినహాయింపు అడగలేదు. దేవుడి గురించి పాడుతున్నాం కాబట్టి మా మీద దయ చూపండి అనలేదు. పక్క క్లబ్బులో వాయించే బ్యాండ్ ఎంత బాగా వాయిస్తుందో మేమూ అంత బాగా వాయిస్తాం, అప్పుడు మా మాట వినండి అన్నారు. నాకు ఈ రికార్డు మీద ఉన్న గౌరవమంతా ఆ ఒక్క విషయంలోనే ఉంది.

ఆ క్లబ్బులు ఎలాంటివో తెలియాలి. లాస్ ఏంజెలిస్‌లో సన్‌సెట్ స్ట్రిప్ అని ఒక వీధి భాగం ఉంది. విస్కీ ఎ గో గో, ది రాక్సీ లాంటి పేరున్న క్లబ్బులు అక్కడే. 1980లలో ఆ రోడ్డు పొడుగునా పొడుగు జుట్టు, బిగుతు బట్టలు, ముఖానికి రంగులు వేసుకున్న బ్యాండ్లు. 1983లో మాట్లీ క్రూ అనే బ్యాండ్ అయిదు మొనల నక్షత్రం గుర్తుతో సైతాను పేరు పెట్టి ఆల్బమ్ వేసింది, లక్షల్లో అమ్ముడుపోయింది. అదే ఏడాది చివర్లో స్లేయర్ తొలి ఆల్బమ్ వచ్చింది, అది ఇంకా చీకటిగా ఉంటుంది. అంతకు ముందే 1982లో ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండ్ బ్యాండ్ ప్రకటన గ్రంథంలోని మృగం సంఖ్యను ఆల్బమ్ పేరులోకి తెచ్చింది. అమెరికాలో మతసంఘాల వాళ్ళు ఆ రికార్డుల్ని పోగేసి తగలబెట్టారు. ఇక 1985లో, అంటే మన రికార్డు వచ్చిన ఏడాదే, పిల్లలు వినే పాటల్లో ఏముందో చూడాలంటూ వాషింగ్టన్‌లో పలుకుబడి ఉన్న కొందరు ఆడవాళ్ళు సంఘం పెట్టారు. సెప్టెంబరు 19న సెనేట్ కమిటీ ముందు విచారణ జరిగింది. ట్విస్టెడ్ సిస్టర్ బ్యాండ్ గాయకుడు డీ స్నైడర్ ఆ జుట్టుతో, ఆ జీన్ చొక్కాతో వెళ్ళి కూర్చుని, తాను క్రైస్తవుడిగా పుట్టి పెరిగానని, ఆ విలువలనే పాటిస్తున్నానని వాళ్ళ ముందే చెప్పాడు. అంటే బయట అనుకున్నంత గట్టి గీత ఆ వేదికకీ చర్చికీ మధ్య ఎప్పుడూ లేదు. అసలు హెవీ మెటల్‌కి ఆద్యులైన బ్లాక్ సబాత్ వాళ్ళే 1971లో వేసిన ఆల్బమ్‌లో దేవుణ్ణి ఎగతాళి చేసేవాళ్ళని నిలదీసే పాట ఒకటి పెట్టారు. ఆ బ్యాండ్‌లో బాస్ వాయించే గీజర్ బట్లర్ క్యాథలిక్ ఇంట్లో పెరిగినవాడు.

స్ట్రైపర్ వాళ్ళది లాస్ ఏంజెలిస్‌కి ఆనుకునే ఉన్న ఆరెంజ్ కౌంటీ. అన్నదమ్ములిద్దరూ చిన్నప్పుడు టీవీలో జిమ్మీ స్వాగర్ట్ అనే సువార్తికుడి ప్రసంగాలు చూసి విశ్వాసంలోకి వచ్చిన కుటుంబం. తర్వాత వయసొచ్చాక దూరం జరిగారు. రాక్స్ రెజీమ్ అని బ్యాండ్ పెట్టుకుని అందరిలాగే అవే క్లబ్బుల్లో వాయించారు. అవే పాటలు, అదే జీవితం. తర్వాత పాయిజన్ అనే బ్యాండ్‌తో పెద్ద పేరు తెచ్చుకున్న సి.సి. డెవిల్ కొన్నాళ్ళు వీళ్ళ దగ్గరే గిటార్ వాయించాడు. 1983లో ఓ మిత్రుడు వీళ్ళు సాధన చేసే చోటికొచ్చి, మీకున్న ఈ విద్యని దేవుడికి ఎందుకివ్వరు అని అడిగాడు. అప్పుడు వాళ్ళు చేసిన పనే నాకు ముఖ్యం. గిటార్లు అమ్మేయలేదు. జుట్టు కత్తిరించుకోలేదు. సువార్త సభల్లో మెల్లగా పాడే బృందంగా మారలేదు. అవే గిటార్లు, అవే యాంప్లిఫయర్లు, ఆ పసుపు నలుపు చారల బట్టలే. మాటలు మాత్రం మార్చారు.

చారల సంగతి చెప్పాలి. రాబర్ట్‌కి చారలంటే పిచ్చి. డ్రమ్ముల మీదా, సామాను మీదా పసుపు నలుపు చారలు గీసేవాడు. అవి ముందు వచ్చాయి. యెషయా గ్రంథం 53వ అధ్యాయం 5వ వచనం ఆ తర్వాత వచ్చి వాటి మీద కూర్చుంది. “అతడు పొందిన దెబ్బలచేత మనకు స్వస్థత కలుగుచున్నది” అని మనం చదువుకునే వాక్యమే. ఇంగ్లీషు బైబిల్లో ఆ దెబ్బల్ని ‘స్ట్రైప్స్’ అన్నారు, అంటే కొరడా తగిలిన చోట ఒంటి మీద తేలే వాతలు. ఇంగ్లీషులో చారలకీ అదే మాట. బ్యాండ్ పేరు అక్కడిదే. చాలా రికార్డుల మీద పేరు కింద ఆ అధ్యాయం, వచనం అంకెలు ఉంటాయి. ఉన్న వేషాన్ని తీసేయకుండా దానికే అర్థం వెతికారు. నాకిది నచ్చుతుంది. ఎవరో చెప్పారని కుట్టించుకున్న బట్టలైతే ఒంటికి అతకవు.

వీళ్ళే మొట్టమొదటివాళ్ళు అనను. లారీ నార్మన్ 1969లోనే క్యాపిటల్ రికార్డ్స్‌లో క్రైస్తవ రాక్ ఆల్బమ్ వేశాడు. షికాగోలో రిసరెక్షన్ బ్యాండ్, స్వీడన్‌లో జెరూసలేం 1970లలోనే గట్టి గిటార్ రాక్ వాయించారు. ఆరెంజ్ కౌంటీలోనే కోస్టా మేసాలోని కాల్వరీ చాపెల్ హిప్పీ కుర్రాళ్ళని గిటార్లతో సహా లోపలికి పిలిచింది. దారి అప్పటికే ఉంది. స్ట్రైపర్ దాన్ని చర్చి ప్రాంగణం దాటించి వీధిలోకి తీసుకెళ్ళింది, అదీ తేడా. ఎనిగ్మా క్రైస్తవ కంపెనీ కాదు. మామూలు రాక్ బ్యాండ్ల రికార్డులు వేసే చిన్న కంపెనీ. వీళ్ళ రికార్డు కూడా వాటి పక్కనే, అదే అరలో అమ్మకానికి నిలబడింది.

నిర్మాతగా తెచ్చుకున్నది ఎవరినంటే మైకేల్ వాగనర్‌ని. జర్మన్. హాంబర్గ్ మనిషి. ఆక్సెప్ట్ అనే జర్మన్ మెటల్ బ్యాండ్ మొదటి రోజుల్లో అందులో గిటార్ వాయించాడు. తర్వాత సౌండ్ ఇంజనీరుగా మారి డాకెన్ లాంటి బ్యాండ్లకి పనిచేశాడు. ఈ రికార్డు తర్వాత ఏడాదికే, 1986లో మెటాలికా వాళ్ళ ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ మిక్సింగ్ చేసింది ఆయనే. మెటల్ తెలిసినవాళ్ళకి ఆ పేరు చాలు. సంఘంలో తెలిసినవాళ్ళ అబ్బాయి ఉన్నాడు, చవగ్గా చేసిపెడతాడు అని కాకుండా, ఆ పని బాగా తెలిసిన మనిషి దగ్గరికి వెళ్ళారు.

ఇప్పుడు టైటిల్ పాట మొదటి నిమిషం వినండి.

(పాట వినిపించారు)

సరే. గిటార్ నేర్చుకునేవాళ్ళు ఇది గమనించండి. మొదట వినపడే ఆ టకటకమనే శబ్దం ఎలా వస్తుందో తెలుసా? కుడిచేతి మడమని బ్రిడ్జి, అంటే గిటార్ ఒంటి మీద తీగలు ఆనే చోటు, దగ్గర తీగల మీద తేలిగ్గా ఆన్చి మీటుతారు. తీగ పూర్తిగా మోగదు, పూర్తిగా ఆగదు. మడమ ఒక్క వెంట్రుకవాసి ముందుకి జరిగితే స్వరం చచ్చిపోతుంది, వెనక్కి జరిగితే గోలైపోతుంది. డిస్టార్షన్, అంటే గిటార్ శబ్దాన్ని గరగరలాడించే హంగు, పెడితే తప్పులు కనపడవని కొందరు కుర్రాళ్ళు అనుకుంటారు. ఉల్టా. డిస్టార్షన్ ప్రతి తప్పునీ పెద్దది చేసి చూపిస్తుంది. ఇక్కడ ఇద్దరు గిటార్ వాళ్ళు ఆ వేగంలో ఒక్క చేతితో మీటినట్టు కలిసి మీటుతున్నారు. వెనక డ్రమ్ములు పరుగెత్తుతున్నా వీళ్ళు వాటి మీద పడిపోవడం లేదు.

రెండోది, లీడ్ గిటార్, అంటే సోలోలు, స్వరాల వరుసలు వాయించేది. ఇద్దరూ కలిసి వాయించే చోట ఇద్దరూ ఒకే స్వరం వాయించరు. ఒకరు షడ్జమం పట్టుకుంటే రెండోవారు గాంధారం. ఒకరు రిషభానికి వెళితే రెండోవారు మధ్యమానికి. అంటే ఒకే వరుసని మూడో స్వరం దూరంలో ఇద్దరూ జంటగా నడిపిస్తారు. ఇంగ్లండ్ బ్యాండ్లు జూడాస్ ప్రీస్ట్, ఐరన్ మెయిడెన్ దీన్ని మెటల్‌లో స్థిరపరిచాయి. స్ట్రైపర్‌లో ప్రత్యేకత ఏమిటంటే పాడే మనిషే సగం లీడ్ వాయిస్తాడు. మైకేల్ స్వీట్ గొంతు మీదే అందరి దృష్టీ పోతుంది గానీ, అతను అసలుసిసలు గిటారిస్టు. ఆజ్ ఫాక్స్‌తో కలిసి తీగని లాగి వదిలేటప్పుడు ఇద్దరి తీగలూ ఒకే వేగంతో, ఒకే ఎత్తుకి లేస్తాయి. వేళ్ళు తిరిగితే సరిపోదు దానికి. ఒకరినొకరు వింటూ ఏళ్ళ తరబడి కలిసి కూర్చుంటేనే వస్తుంది.

ఇక గొంతులు. ఇక్కడే వీళ్ళు మిగతా సన్‌సెట్ స్ట్రిప్ బ్యాండ్లనుంచి విడిపోతారు. కోరస్ వచ్చినప్పుడల్లా మూడు గొంతులు పొరలు పొరలుగా లేస్తాయి. పైన మైకేల్, కింద మిగతావాళ్ళు. ‘రీచ్ అవుట్’ అనే పాట కోరస్ విని చూడండి, ఇటు అటు కదలకుండా ప్రతి అక్షరం ఒకే చోట మొదలై ఒకే చోట ఆగుతుంది. ‘చ’కారం, ‘స’కారం లాంటి ఊదే అక్షరాలు కూడా ముగ్గురివీ కలిసే పడతాయి. ఇది క్వయర్ క్రమశిక్షణ. మన చర్చిల్లో సొప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని నాలుగు వరుసల్లో నిలబడి పాడినవాళ్ళు దీన్ని ఇట్టే గుర్తుపడతారు. ఆ క్రమశిక్షణని తీసుకెళ్ళి మార్షల్ యాంప్లిఫయర్ల గోడ పక్కన నిలబెట్టారు వీళ్ళు.

ఇది హార్డ్ రాకా, పవర్ మెటలా అని కుర్రాళ్ళు కొట్టుకుంటారు. రెండూ ఉన్నాయి. నెమ్మది పాటలు, పాడుకోదగ్గ కోరస్‌లు చూస్తే హార్డ్ రాక్. టైటిల్ పాట లాంటివి చూస్తే, పరుగెత్తే డ్రమ్ములు, జంట గిటార్లు, ఆకాశాన్ని తాకే గొంతు, వీరగాథలాంటి మాటలు, ఇవన్నీ తర్వాత పవర్ మెటల్ అని పిలిచినదానికి సరుకే. చిత్రమేమిటంటే అదే 1985లో జర్మనీలో హెలోవీన్ అనే బ్యాండ్ తొలి పూర్తి ఆల్బమ్ వచ్చింది. పవర్ మెటల్‌కి పునాది అంటే అందరూ ముందు వాళ్ళ పేరే చెబుతారు. వాళ్ళది క్రైస్తవ బ్యాండ్ కాదు. కానీ ఆ ఆల్బమ్ పేరు ‘వాల్స్ ఆఫ్ జెరికో’, యెరికో గోడలు. యెహోషువ బూరలు ఊదించిన కథ తెలిసిన మనకి వేరే చెప్పక్కర్లేదు. ఆ సంగీతానికి ఎందుకో బైబిల్ కథలంత పెద్ద కథలే కావాలి. యుద్ధం, పతనం, విమోచన, రాజ్యం. చిన్న సంగతులు దానికి ఆనవు.

ఇంత మెచ్చుకున్నాక, నాకు నచ్చనివి చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే. మాటల విషయంలో ఈ రికార్డు సంగీతమంత లోతుగా లేదు. దేవుడు ప్రేమించాడు, మేము పాడుతున్నాం, మీరూ రండి. ఇంతకు మించి చాలా పాటలు వెళ్ళవు. మాటల్లో సందేహం ఎక్కడా పలకదు. పోరాటం అని పేరుంది గానీ లోపల జరిగే పోరాటం తక్కువ. కీర్తనల గ్రంథంలో దావీదు ఎంత గొడవ పడతాడండీ దేవుడితో! ఎన్నాళ్ళు మరిచిపోతావు అని నిలదీస్తాడు. ఆ గొంతు ఇందులో వినపడదు. ‘ఫస్ట్ లవ్’, ‘టుగెదర్ యాజ్ వన్’ లాంటి నెమ్మది పాటలు వినడానికి హాయిగా ఉంటాయి. రెండోదాన్ని పెళ్ళిలో పాడుకోవచ్చు, తప్పులేదు. అయితే మైకేల్ గొంతు వాటిని మోసినంతగా మాటలు మోయలేదు. ఆ వయసులో రాశారు, అది కూడా నిజమే.

రెండోది, ఆల్బమ్ పేరులోనే ఉన్న సైనికుల మాట. ‘మంచి సైనికునివలె’ అని పౌలు తిమోతికి రాశాడు. ఎఫెసీయులకి రాసిన పత్రికలో సర్వాంగ కవచం ఉంది. శిరస్త్రాణం, డాలు, ఖడ్గం అన్నీ ఉన్నాయి. కాబట్టి వాక్యాధారం లేదనను. కానీ పౌలు ఆ పత్రిక రాసింది సంకెళ్ళలో ఉండి. కాపలా సైనికుణ్ణి చూస్తూ రాసినవాడి మాట అది. 1985 అమెరికా ప్రపంచంలో బలమైన సైన్యం ఉన్న దేశాల్లో ఒకటి, ప్రచ్ఛన్నయుద్ధం నడుస్తున్న కాలం. అక్కడ నిలబడి మేము సైనికులం అని అరిస్తే ఆ మాట బరువు వేరుగా ఉంటుంది. ఆ పాట విన్న ప్రతిసారీ గిటార్‌కి ఒళ్ళు పులకరిస్తుంది, ఆ మాట దగ్గర మాత్రం కాస్త ఇబ్బంది పడతాను. రెండూ దాచుకోను.

ఆల్బమ్‌లో చివరి పాట దగ్గర ఎక్కువసేపు ఆగుతాను. చాలామంది దాన్ని దాటేస్తారు, చిన్నది, సొంత రచన కూడా కాదు. ‘బ్యాటిల్ హిమ్ ఆఫ్ ది రిపబ్లిక్’. గ్లోరీ గ్లోరీ హల్లెలూయా అనే పల్లవి మీలో చాలామందికి వచ్చు. దాని ప్రయాణం వినండి. మొదట అది అమెరికాలో ఊరి బయట డేరాలు వేసుకుని జరుపుకునే భక్తి సభల్లో పాడిన బాణీ. సోదరులారా, ఆ తీరాన మమ్మల్ని కలుస్తారా అన్న అర్థంలో ఒక పాట. ఆ బాణీని సైనికులు ఎత్తుకున్నారు. బానిసత్వాన్ని ఎదిరించి ఉరికంబమెక్కిన జాన్ బ్రౌన్ మీద మొరటు మాటలు కట్టి కవాతులో పాడుకున్నారు. 1861లో అంతర్యుద్ధం మధ్యలో జూలియా వార్డ్ హౌ అనే కవయిత్రి ఆ కవాతు పాట విని, అదే బాణీకి కొత్త మాటలు రాసింది. 1862 ఫిబ్రవరిలో అట్లాంటిక్ మంత్లీ పత్రికలో అచ్చయింది. మళ్ళీ చర్చిలోకి వచ్చింది. అక్కడినుంచి 1985లో పసుపు నలుపు చారల కుర్రాళ్ళ గొంతుల్లోకి. డేరా నుంచి దండులోకి, దండు నుంచి ఆరాధనలోకి, ఆరాధన నుంచి మెటల్ రికార్డులోకి. ఇన్ని చేతులు మారిన బాణీలో ఏ భాగం పవిత్రం, ఏ భాగం లౌకికం? విడదీసి చూపించగలిగినవాళ్ళు ఉంటే నేను వినడానికి సిద్ధం.

(పాట వినిపించారు)

మన దగ్గర ఈ ప్రశ్న కొత్తదేమీ కాదు. మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచి చూడండి. కీర్తన మీద రాగం పేరు, తాళం పేరు ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు ఇంగ్లీషు బాణీలకి తెలుగు మాటలు అతికించి ఊరుకోలేదు. ఈ నేల మీద జనం గుళ్ళల్లో, భజనల్లో, వీధి నాటకాల్లో ఏ రాగాలు విని పెరిగారో ఆ రాగాల్లోనే క్రీస్తు మీద కీర్తనలు కట్టారు. పల్లవి, అనుపల్లవి, చరణం అన్నీ కుదిరిన కీర్తనలు. యతిప్రాసలు చూసుకుని రాసినవి. అందుకే నూటయాభై ఏళ్ళు దాటినా పాడుతున్నాం. కాలిఫోర్నియా కుర్రాళ్ళు తమ వీధి సంగీతంతో చేసిందీ అదే. ఆ సంగీతం వేరు, ఆ వీధి వేరు. పనిలో నిజాయితీ ఒకటే. ఇవాళ కీబోర్డులో ప్రీసెట్ రిథమ్ ఒకటి నొక్కేసి, దాని మీద ఏ మాటలు పడితే ఆ మాటలు పాడి, రాత్రికి రాత్రి ఆల్బమ్ వేసేవాళ్ళని చూస్తే నాకు బాధగా ఉంటుంది. పాడే మనిషి విశ్వాసాన్ని నేను శంకించను. కానీ చౌదరి గారు రాగం కోసం పడ్డ శ్రమ కూడా ఆరాధనే కదండీ.

సరే, రికార్డు వచ్చాక ఏమైంది. రెండు వైపులనుంచీ దెబ్బలే. మెటల్ అభిమానులు వీళ్ళని హేళన చేశారు. కచేరీల్లో వీళ్ళు జనంలోకి కొత్త నిబంధన ప్రతులు విసిరేవారు. పట్టుకున్నవాళ్ళు ఉన్నారు, తిరిగి విసిరినవాళ్ళూ ఉన్నారు. ఇక చర్చివైపు నుంచి, ఎవరి ప్రసంగాలు టీవీలో చూసి ఈ అన్నదమ్ములు విశ్వాసంలోకి వచ్చారో ఆ జిమ్మీ స్వాగర్టే క్రైస్తవ రాక్‌ని గట్టిగా ఖండించారు. స్ట్రైపర్‌నీ వదల్లేదు. ఆ వయసు పిల్లలకి అదెంత కష్టంగా ఉండి ఉంటుందో ఆలోచించండి. శత్రువు తిట్టడం వేరు, తనని నిలబెట్టినవాడు తోసేయడం వేరు.

అయినా రికార్డు అమ్ముడుపోయింది. అమెరికాలో అయిదు లక్షల కాపీలు దాటి గోల్డ్ అయింది. క్రైస్తవ మెటల్‌లో అలా గోల్డ్ అయిన మొదటి ఆల్బమ్ ఇదే. 1986లో వచ్చిన తర్వాతి ఆల్బమ్ పది లక్షలు దాటి ప్లాటినం అయింది, ఎంటీవీలో రోజూ కనపడ్డారు. ఆ కథ మీకు ఎక్కడైనా దొరుకుతుంది. 1990లో పసుపు నలుపు వదిలేశారు, 1992లో మైకేల్ బయటికెళ్ళాడు, పదేళ్ళ పైచిలుకు తర్వాత మళ్ళీ కలిశారు. వీళ్ళు తెరిచిన తలుపులోంచి బ్యారన్ క్రాస్, బ్లడ్‌గుడ్, వైట్‌క్రాస్, సేక్రెడ్ వారియర్ వచ్చారు. తర్వాతి తరంలో స్వీడన్ నుంచి నార్నియా. 2003లో అమెరికాలో జార్జియా రాష్ట్రం నుంచి థియోక్రసీ తొలి ఆల్బమ్. అది బ్యాండ్ కూడా కాదు. మ్యాట్ స్మిత్ ఒక్కడే పాడి, వాయించి, డ్రమ్ములు మాత్రం కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ చేసి వేశాడు. పదేళ్ళ తర్వాత, 2013లో, నిజమైన డ్రమ్ములు వాయించి పెట్టి మళ్ళీ విడుదల చేశారు. జనం ఆ పాటల్ని అప్పటికే మెచ్చుకున్నారు, ఎవరూ అడగలేదు. అయినా అతనికి సరిపోలేదు. స్ట్రైపర్ పెట్టిన ఒరవడి అంటే నా దృష్టిలో అదీ.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక సంఘ పెద్ద: ఇదంతా బాగానే ఉంది బాబూ, కానీ ఆరాధనలో ఇంత శబ్దం అవసరమా?)

అయ్యగారూ, మంచి ప్రశ్న. చాలామంది దీనికి నూటయాభయ్యో కీర్తన చూపిస్తారు, గంభీరధ్వనిగల తాళములు అని ఉంది కదా అంటారు. నేను ఆ వాదన చేయను. ఆదివారం ఆరాధనలో పాట అందరిదీ. ముసలమ్మ పాడాలి, పసిపిల్ల పాడాలి. మైకేల్ స్వీట్ పాడే స్థాయిలో మనలో ఒక్కరం కూడా పాడలేం. అంచేత ఈ పాటలు ఆరాధనకి పనికిరావు. ఆ మాటకొస్తే వాళ్ళు ఈ పాటలు కట్టుకున్నది క్లబ్బుల్లో వాయించడానికే. నా విన్నపం ఒక్కటే. మన యౌవనస్థుల కూటమిలో ఎవరైనా కుర్రాడు ఈ సంగీతం ఇష్టపడితే వాడి విశ్వాసం మీద అనుమానపడకండి. వాడికి ఒక సాయంత్రం, ఒక గది, తలుపులు వేసుకుని వాయించుకునే వీలు ఇవ్వండి.

(ఒక యువకుడు: సార్, నేను ఎలక్ట్రిక్ గిటార్ నేర్చుకుంటున్నాను. 1985 రికార్డింగ్ వినాలా, తర్వాత మళ్ళీ రికార్డు చేసింది వినాలా?)

రెండూ వినాలి నాన్నా. మొదటి రోజుల పాటల్ని 2013లో ‘సెకండ్ కమింగ్’ పేరుతో మళ్ళీ వాయించి విడుదల చేశారు. అందులో గిటార్ శబ్దం బరువుగా ఉంటుంది, మైకేల్ గొంతులోనూ వయసు బరువు వినిపిస్తుంది. ఏ గిటార్ ఏ చెవివైపు ఉందో తెలుసుకోవడానికి హెడ్‌ఫోన్ పెట్టుకుని వాయిద్యం వాయిద్యంగా విను. 1985ది ఆ తొందర కోసం, ఆ వయసు కోసం విను. సాధన మాత్రం టైటిల్ పాట రిఫ్‌తో, అంటే పదే పదే వచ్చే ఆ గిటార్ వరుసతో, మొదలుపెట్టు. తాళం కొట్టే మెట్రోనోమ్ సగం వేగంలో పెట్టుకో, డిస్టార్షన్ తీసేసి వాయించు, కుడిచేతి మడమ ఎక్కడ ఆనుతోందో చూసుకో. సోలో దగ్గరికి వచ్చేసరికి ఒక్కడివల్ల కాదు. గాంధారం వాయించే ఇంకొకడు కావాలి. ఇందాక ముందుకొచ్చి కూర్చున్నవాళ్ళలో గిటార్ పట్టేవాళ్ళు ఇంకా ఎవరున్నారో చేతులెత్తండి... ఇద్దరు. చాలు. సభ అయ్యాక ముగ్గురూ నా దగ్గరికి రండి, ఆ స్వరాలు రాసిస్తాను.